ఎవరి బలవంతమూ లేకుండా

మాస్తి,
జూన్ 12, 2019

గాడ్విన్‌కి,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా ‘ఊఁ’ అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. కాలేజీ రోజుల నుంచీ చూస్తున్నాను, ఉత్తరం వస్తే జవాబు రాయకుండా ఉండలేవు.

ఫిలోమినా పోయి ఏడు నెలలు. అప్పుడు వచ్చి నీ పక్కన రెండు గంటలు కూర్చుని, ఒక్క మాట కూడా సరిగ్గా మాట్లాడలేక లేచి వచ్చేశాను. ఇప్పుడూ ఓదార్పు రాయను. పని చెప్తాను.

లేబర్ డిపార్టుమెంటులో రిటైరయ్యాక ఇంట్లో రాగులు ఎండబెట్టుకుంటున్న నన్ను తీసుకెళ్లి ఒక కమిటీలో వేశారు. సొంతంగా పని చేసుకునేవాళ్ల కోసం, ‘ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లు’ అని పేరు పెట్టించుకున్నవాళ్ల కోసం నియమాల ముసాయిదా తయారు చేయాలి. చిక్కంతా ఒక్కచోటే ఉంది. ఎవరు నిజంగా సొంతపనివాళ్లు, ఎవరు పేరుకు మాత్రమే సొంతపనివాళ్లు? పదకొండో నిబంధనలో మూడు ప్రశ్నలు పెట్టాం. పనిముట్లు తనవేనా? వేరే వాళ్లకు కూడా పని చేయవచ్చా? వచ్చిన పనిని వద్దనవచ్చా? మూడింటికీ అవునంటే ఆ మనిషి స్వతంత్రుడు. పని ఇచ్చినవాళ్లకు అతని మీద ఏ బాధ్యతా లేదు.

నువ్వు బంగారు గనుల టైమాఫీసులో పద్దెనిమిదేళ్లు, గనులు మూశాక రాబర్ట్‌సన్‌పేటలో టైపు మిషను ముందు ఇంకో పద్దెనిమిదేళ్లు. కాగితంలో ఎక్కడ చిల్లు ఉందో నీకు కనబడినట్టు నాకు కనబడదు. ముసాయిదా జతచేశాను. చదివి చెప్పు.

ఫిలోమినా పని చేసిన ఆ కంపెనీ నుంచి జవాబు వచ్చిందా?

నీ,
శ్రీనివాసమూర్తి

రాబర్ట్‌సన్‌పేట,
జూన్ 20, 2019

మూర్తికి,

జవాబు వచ్చింది. మూడు లైన్లు. ‘మీరు పేర్కొన్న వ్యక్తి మా సంస్థలో ఎన్నడూ పని చేయలేదు. ఆమె మా యాప్‌ను వాడుకున్న స్వతంత్ర భాగస్వామి. మీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాము.’

నాలుగేళ్లు పొద్దున ఐదున్నర బండికి బెంగళూరు పోయి, మంచం మీద ఉన్న ముసలివాళ్లకు ఒళ్లు తుడిచి, అన్నం తినిపించి వచ్చింది. ఏ ఇంటికి పోవాలో వాళ్లు చెప్పారు. ఎన్నింటికి చేరాలో వాళ్లు చెప్పారు. జుట్టు ఎలా ముడవాలో కూడా వాళ్లే చెప్పారు.

నాకు వాళ్ల సొమ్ము వద్దని మొదటి ఉత్తరంలోనే రాశాను. ‘మా దగ్గర పని చేసింది’ అని ఒక్క వాక్యం అడిగాను. మరణ ధ్రువపత్రంలో వృత్తి దగ్గర ‘గృహిణి’ అని ఉంది. మార్చమంటే రుజువు తెమ్మన్నారు. ఆమె చూసి ఉంటే ఆ కాగితం చింపేసేది.

నీ మూడు ప్రశ్నలు.

ఒకటి, పనిముట్లు. బీపీ మిషను, నీలం చీరలు, చెప్పులు, అన్నీ తనే కొన్నది. వాళ్లు చెప్పిన రంగులో, వాళ్లు చెప్పిన కొట్లో. మా నాన్న గనిలోకి దిగడానికి తన బూట్లు తనే కొనుక్కున్నాడు. ఆయన్ని ఎవరూ కాంట్రాక్టరు అనలేదు.

రెండు, వేరే పని. చేయవచ్చు. ఐదున్నరకు పోయి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరే మనిషి ఎప్పుడు చేస్తుందో కూడా ముసాయిదాలో రాయి.

మూడోది తీసెయ్యి.

గాడ్విన్

మాస్తి,
జూలై 15, 2019

గాడ్విన్‌కి,

మొదటి రెండింటి మీద నువ్వు రాసింది కమిటీలో చదివాను. బూట్ల మాటకు మా అధ్యక్షురాలు తలెత్తి చూసింది. పాత జడ్జి ఆవిడ, తొందరగా తలెత్తే రకం కాదు. పనిముట్ల ప్రశ్న మార్చే అవకాశం ఉంది.

మూడోది తీసెయ్యమంటే మాత్రం ఎలా? అది లేకపోతే ఎవరు మునుగుతారో చూడు. ఆవనిలో ఆదినారాయణప్ప అని ఒక పంపు మోటార్ల మెకానిక్కు. చుట్టుపక్కల బోర్లన్నీ అతని చేతి మీదే నడుస్తాయి. ముసాయిదా సంగతి ఎవరో చెబితే బస్సెక్కి మా ఇంటికి వచ్చేశాడు.

“సామీ, నన్ను మటుకు ఎవురి కిందా రాయొద్దండి. సుబ్బరాయప్ప మోటారు చెడితే పోతాను. ఆయప్ప నోరు జారితే పానాలు సంచీలో ఏసుకొని వచ్చేస్తాను. ఇంగ రూలు పెట్టి నన్ను ఆయప్ప కూలోణ్ణి చేస్తారా? యాడన్నా ఉండాదా ఇట్లాంటి న్యాయం?”

వద్దనగలగడమే అతని మర్యాద. దాన్ని నిబంధనలోంచి తీసేస్తే అతనికీ జీతగాడికీ తేడా ఏమిటి?

ఇంకొకటి. రోగుల సేవకు మనుషుల్ని పంపే ఒక కంపెనీ మాకు వినతిపత్రం ఇచ్చింది. నువ్వు ఉత్తరం రాసిన కంపెనీయే. తమ దగ్గర ఎంత స్వేచ్ఛ ఉందో చూపడానికి ఒక ఉదాహరణ ఇచ్చారు, పేరు లేకుండా. ఏదో పండగ రోజున పని వద్దనుకున్న ఒకామె యాప్‌లో రాసిన మాటలట. ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెబుతాను: ‘ఎవరి బలవంతమూ, ఒత్తిడీ, ప్రలోభమూ లేకుండా, పూర్తి తెలివితో, నా స్వంత ఇష్టం మీద ఈనాటి పనిని వద్దనుకుంటున్నాను.’

ఎంత గట్టిగా రాసిందో చూడు! చదవగానే నువ్వే గుర్తొచ్చావు. దీనికి ఎదురు ఏం చెప్పగలం?

మూర్తి

రాబర్ట్‌సన్‌పేట,
జూలై 22, 2019

మూర్తికి,

ఆ వాక్యాన్ని నమ్మకు.

అలాంటిది వారానికి పది కాగితాల మీద కొడతాను. అక్క తన వాటా వదులుకుంటుంది, వెనకాల తమ్ముడు నిలబడి ఉంటాడు. ఎవరి బలవంతమూ లేకుండా. ముసలాయన ఇల్లు రాసిస్తాడు, కొడుకు ఆయన బొటనవేలు పట్టుకుని సిరాలో ముంచుతాడు. ఎవరి బలవంతమూ లేకుండా. బలవంతం ఉన్న కాగితం మీదే ఆ మాట తప్పకుండా ఉంటుంది. లేనిచోట ఎవరికీ దాని అవసరం రాదు.

మూడో ప్రశ్న తీసెయ్యి. లేదా ఆ ఉదాహరణనైనా తీయించు.

గాడ్విన్

మాస్తి,
ఆగస్టు 18, 2019

గాడ్విన్‌కి,

నీతో చిక్కు ఇదే. తీసెయ్యి, తీయించు. ఎందుకో చెప్పవు. నీ కోపాన్ని నేను నిబంధనగా రాయలేను. నీ ఉత్తరం చదివితే అధ్యక్షురాలు ఒకే మాట అడిగింది: “ఈయన చెప్పేది ఆస్తి కాగితాల గురించి. ఈ కాగితం అబద్ధమని ఈయనకెలా తెలుసు?” నేను వెర్రిమొహం వేసుకుని కూర్చున్నాను.

అక్టోబరు 14న కోలారులో బహిరంగ విచారణ. ఆ తర్వాత మూడో ప్రశ్న ఉన్నది ఉన్నట్టు ఖాయమవుతుంది. అది ఖాయమైతే, ఒక్కసారి ‘వద్దు’ అని నొక్కిన ప్రతి మనిషినీ చూపించి ‘ఈమె మా మనిషి కాదు’ అనొచ్చు. నీకు తెలిసింది ఏదో ఉంది. టైమాఫీసు కిటికీలోంచి చూసినట్టు నన్ను చూడకు.

మూర్తి

రాబర్ట్‌సన్‌పేట,
సెప్టెంబరు 9, 2019

మూర్తికి,

నిన్న చర్చి పండగ, మాత తేరు. రోడ్డు పక్కన నిలబడి చూసి వచ్చాను. ఇప్పుడు రాయగలను.

ఆ వాక్యం రాసింది నేను.

ఫిలోమినా క్యాథలిక్కు, నేను కాదు. మా చర్చిలో తేరు లేదు. ఇరవై ఆరేళ్లు ప్రతి సెప్టెంబరు ఎనిమిదికీ ఆమె చెప్పులు లేకుండా తేరు వెంట నడిచింది. నేను గుమ్మం దాకా వచ్చి లోపలికి పోయేవాణ్ణి. పోయిన సంవత్సరం పండగ శనివారం పడింది. ముందు రోజు సాయంత్రం యాప్‌లో శనివారానికి పని వచ్చింది. పోతానంది. “ఆ తాతకి నేను లేకుంటే ముద్ద దిగదు. మాత ఏమీ అనుకోదులే.”

ఈసారి నేనూ తేరు వెంట నడుస్తాను, నువ్వు ఉండు అన్నాను.

చాలాసేపు నవ్వింది. “ఏం టైపిస్టు సారూ, ఇరవై ఆరేండ్లకి గుర్తుకొచ్చినామా?” తర్వాత నవ్వు ఆపి, “వద్దంటే ఇంగ పిలవరేమో” అంది. ఒక్క రోజుకు ఏమీ కాదన్నాను. రెండుసార్లు అన్నాను. మూడోసారి కోపంగా అన్నాను.

‘వద్దు’ నొక్కితే మూడు కారణాలు చూపిస్తుంది. జబ్బు. దానికి డాక్టరు చీటీ కావాలి. ఇంట్లో అత్యవసరం. దానికి ఎవరికేమైందో చెప్పాలి. మూడోది స్వంత ఇష్టం, కింద వివరం రాయడానికి గడి. ఫోను నా చేతికిచ్చింది. “నువ్వే రాయి. ఊరికంతా రాస్తా ఉండావు కదా.”

రాశాను. చెయ్యి అలవాటు. చదివి అర్థం చెబితే, “ఏందప్పా ఇది, నేనేమన్నా ఇల్లు అమ్మతా ఉండానా?” అంది. ఇలా రాస్తే ఎవరూ వంక పెట్టలేరన్నాను.

నడిచాం. ఆమె చెప్పులు నా సంచీలో ఉన్నాయి. బాగుంది. అంతకన్నా రాయను.

తొమ్మిదో తేదీ నుంచి ఫోను మోగలేదు. పంతొమ్మిది రోజులు. నాలుగేళ్లలో వరసగా మూడు రోజులు ఖాళీగా ఉన్నది లేదు. ఆ తాతకు వేరే మనిషిని పంపారని పక్క వీధి మోనికా చెప్పింది, ఆమెదీ అదే పని. ఫిలోమినా ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగేది, సిగ్నలు లేదేమోనని. వేమగల్ ఫ్యాక్టరీల్లో పని అడుగుదామా అంది. నాతో ఒక్క మాట తప్పుగా మాట్లాడలేదు.

ఇరవయ్యో రోజు మోగింది. ఆ తర్వాత ఆమె ఏదీ వద్దనలేదు. నవంబరులో జ్వరం. రెండు రోజులు జ్వరంతోనే పోయింది. మూడో రోజు బండి టైముకు నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. పోవద్దన్నాను.

“నీ మాట ఒకతూరి విన్నాను కదా” అంది.

నవ్వుతూనే అంది. పక్కకు జరిగాను. సాయంత్రం ఊరిగాం స్టేషన్లో బండి దిగి పడిపోయింది. డెంగీ అన్నారు. ఐదు రోజులు.

మూర్తీ, నేను వారానికి ఐదారుగురికి వద్దంటాను. చెయ్యి నొప్పి అంటాను, మొహం నచ్చలేదంటాను. మర్నాడు మళ్లీ వస్తారు. నాకు వద్దనే హక్కు ఉంది. ఆమెకు ఉన్నది ‘వద్దు’ అనే బొత్తాం. వద్దనవచ్చా అని అడిగితే ఇద్దరి జవాబూ ఒకటే. వద్దన్నాక ఏమైంది అని అడుగు. అప్పుడు నేనెవరో, ఆదినారాయణప్ప ఎవరో, ఆమె ఎవరో తెలుస్తుంది.

ఎలా తెలుసో అడిగారు కదా. ఇదీ.

గాడ్విన్

మాస్తి,
సెప్టెంబరు 14, 2019

గాడ్విన్‌కి,

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. చూపించి లాభం కూడా లేదు. సభ్యుడి స్నేహితుడు రాసిన ఉత్తరం సాక్ష్యం కాదు. నువ్వు కోలారుకు వచ్చి నోటితో చెప్పాలి.

ముందే చెబుతున్నాను. కంపెనీవాళ్లు నిన్ను వదలరు. బలవంతం నీదేనని నీ నోటితోనే చెప్పిస్తారు. నీ వంతు వచ్చినప్పుడు నేను గదిలో ఉండకూడదు, మన సంగతి అధ్యక్షురాలికి రాతపూర్వకంగా చెప్పేశాను. ఒక్కడివే నిలబడాలి.

రానంటే అర్థం చేసుకుంటాను.

మూర్తి

రాబర్ట్‌సన్‌పేట,
అక్టోబరు 16, 2019

మూర్తికి,

నువ్వు బయట బెంచీ మీద ఉన్నావు. బస్సులో ఏమీ అడగలేదు. అందుకు రాస్తున్నాను.

కంపెనీ తరఫున వచ్చినాయన పేరు జయరాం. మర్యాదస్తుడు. ఆ వాక్యం పైకి చదివాడు, బాగా చదివాడు. “మా భాగస్వాముల స్వేచ్ఛకు ఇంతకన్నా ఏం కావాలి?” అన్నాడు.

నేను లేచి, అది నేను రాశానన్నాను.

“మీరా? అంటే ఆవిడ ఇష్టం కాదా?”

“ఆమె పనికి పోతానంది. నేను ఆపాను.”

“అయితే బలవంతం మీది. మాది కాదు కదా, సార్?”

“నాదే.”

హాలులో ఎవరో నవ్వారు. నేను పంతొమ్మిది రోజుల సంగతి చెప్పాను. మోనికా లేచి అవునంది. జయరాం అదంతా కంప్యూటరు దానంతట అది చేసే ఏర్పాటని, అందులో మనిషి చెయ్యి లేదని చెప్పాడు. అధ్యక్షురాలు ఏదో రాసుకుంటూ ఉంది. అంతటితో అయిపోయేది.

వెనక వరస నుంచి నీ ఆదినారాయణప్ప లేచాడు. చేతిలో పానాల సంచీ, బయట పెట్టమంటే పెట్టలేదట. “అమ్మా, నేను ఈ సార్‌కి సపోర్టుకి రాలేదు, నన్ను ఎవురి కిందా రాయొద్దని చెప్పేదానికి వచ్చినాను. కానీ ఒక మాట. పోయిన నెల సుబ్బరాయప్పకి రెండుతూర్లు వద్దన్నాను. మూడోతూరికి కాఫీ ఇచ్చి పిలిచినాడు. ఇంగ ఈయమ్మ ఒకతూరి వద్దంటే పంతొమ్మిది దినాలు ఎందుకు పిలవలేదు? కంప్యూటరుకి కోపమొచ్చిందా?”

ఈసారి అందరూ నవ్వారు. జయరాం మొహం ఎర్రబడింది. “అలా కాదు. హాజరు తగ్గినవాళ్లను కొంతకాలం వెనక్కి పెడతాం, అంతే.”

అధ్యక్షురాలు కలం ఆపింది. “స్వతంత్ర భాగస్వామికి హాజరేమిటి?”

ఆయన కాగితాలు తిరగేశాడు. టైమాఫీసులో పద్దెనిమిదేళ్లు నేను హాజరే రాశాను, మూర్తీ. ఎవరికి రాస్తారో నాకు తెలుసు.

బయటికి వచ్చాక ఆదినారాయణప్ప, “మీ ఇంటామె గట్టిది సార్, మీరే మెత్తన” అన్నాడు. ఆమెను ఎన్నడూ చూడలేదు. ఎలా తెలిసిందో అడగలేదు.

గాడ్విన్

మాస్తి,
జనవరి 22, 2020

గాడ్విన్‌కి,

ముసాయిదా పైకి పోయింది. మూడో ప్రశ్న ఇప్పుడు ఇలా ఉంది: ‘పనిని నిరాకరించే వీలు ఉన్నదా అన్నది మాత్రమే చాలదు. నిరాకరించిన తరువాత ఆ వ్యక్తికి పని తగ్గినదా, ఆగినదా చూడవలెను. ఆ నిరాకరణ వలన తగ్గలేదని చూపవలసినది పని ఇచ్చినవారే.’ నీ మాటే, మేము కొంచెం పాడుచేశాం. ఆదినారాయణప్ప బయటే ఉంటాడు. మోనికాలాంటివాళ్లు లోపలికి వస్తారు.

ఇక మిగతాది. పనిముట్ల ప్రశ్న అలాగే ఉండిపోయింది, మెజారిటీ ఒప్పుకోలేదు. నియమాలు అమల్లోకి వచ్చిన తేదీ నుంచే వర్తిస్తాయి, వెనక్కి పోవు. ఎప్పుడు వస్తాయో ఎవరూ చెప్పలేరు. పైన ఒక బల్ల మీద ఉన్నాయి, ఆ బల్ల ఎవరిదో నాకు తెలుసు, ఆయన తీరు కూడా తెలుసు.

అంటే ఫిలోమినా కాగితంలో ‘గృహిణి’ మారదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

మూర్తి

రాబర్ట్‌సన్‌పేట,
ఫిబ్రవరి 3, 2020

మూర్తికి,

మారదని తెలుసు. కంపెనీకి ఇంకో ఉత్తరం రాశాను. జవాబు అదే మూడు లైన్లు, తేదీ ఒక్కటే వేరు. మళ్లీ రాస్తాను. పనిముట్ల ప్రశ్న మీద కూడా రాస్తాను, ఆ బల్ల ఎవరిదో పేరు పంపు.

పోయిన గురువారం ఒక పని వచ్చింది. ములబాగిలు వైపు నుంచి శ్రీరామప్ప అని ఒకాయన, వెంట ఆయన వదిన చెన్నమ్మ. భర్త పోయాడు. మామిడితోటలో తన వాటా మరిదికి వదులుకుంటున్నట్టు కాగితం కావాలి. ఆయన చెబుతున్నాడు, నేను కొడుతున్నాను. చివరికి వచ్చాం. “ఇంగ అదే సార్, మామూలుగా రాస్తారే, ఎవరి బలవంతమూ లేకుండా అని. అది కూడా టైపు కొట్టండి.”

చెయ్యి మిషను మీదే ఉంది. ఆమె వైపు తిరిగి అడిగాను.

“అమ్మా, బలవంతం ఏమన్నా ఉందా?”

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరినీ అడగలేదు. శ్రీరామప్ప నవ్వాడు. “ఏం సార్, యాడా లేని మాట అడుగుతా ఉండారు?” ఆమె నవ్వలేదు. కొంగు చివర చూసుకుంటూ నిలబడింది. తర్వాత చెప్పింది.

“ఉండాది, సార్.”

కాగితం మిషన్లోంచి లాగేశాను. ఈ పని నేను చేయనన్నాను.

శ్రీరామప్ప బల్ల మీద గుద్దాడు. “కొట్టమంటే కొట్టేవాడివి, నీకెందుకయ్యా ఇదంతా? ఇట్లా చేస్తే నీ కాడికి ఇంగ ఎవురూ రారు, చూస్తా ఉండు.”

మర్నాడు పొద్దున మామూలుగానే ముగ్గురు కాగితాలు కొట్టించుకోవడానికి వచ్చారు.

గాడ్విన్